క్రెడిబిలిటీ లెక్కల్లో రిస్క్ పారామీటర్: తీటా విలువ తెలియకుండానే ప్రీమియం తేల్చడం ఎలా

విజయవాడ, గుంటూరుల్లో స్టాటిస్టిక్స్ చదివి యాక్చురియల్ పరీక్షలకు కూర్చుంటున్నవాళ్లు సీఎస్1 అనే పేపరులో క్రెడిబిలిటీ (సొంత అనుభవాన్ని, అందరి సగటును ఎంతెంత బరువుతో కలిపి ప్రీమియం తేల్చాలో చెప్పే పద్ధతి) దగ్గరికి రాగానే అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "ప్రతి సూత్రంలోనూ తీటా ఉంది. మరి దాని విలువ ఎక్కడ ఇచ్చారు?"

తీటా అంటే ఒక్కో రిస్క్‌కు ప్రత్యేకమైన, కంటికి కనబడని రిస్క్ పారామీటర్. దాని విలువ ఎక్కడా ఇవ్వరు. బేయెసియన్ పద్ధతిలో తీటాకు ముందుగానే ఒక డిస్ట్రిబ్యూషన్ (ప్రయర్) ఇస్తారు. ఎంపిరికల్ బేయెస్‌లో, అంటే అన్నీ డేటా నుంచే అంచనా వేసే పద్ధతిలో, అది కూడా ఇవ్వరు. అయినా ప్రీమియం వస్తుంది. మనకు కావలసింది తీటా కాదు, తీటా మీద ఆధారపడే రెండు ఫంక్షన్ల నుంచి వచ్చే మూడు అంకెలు. ఈ సంగతి పట్టుబడితే మిగతాదంతా కూడికలు, తీసివేతలే. పట్టుబడకపోతే సూత్రాలు బట్టీపట్టినా పరీక్షలో ప్రశ్న కాస్త తిప్పి అడగ్గానే చెయ్యి ఆగిపోతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

కాగితం, క్యాలిక్యులేటర్ లేదా ఎక్సెల్. శాంపిల్ వేరియెన్స్ లెక్క చేతికి వచ్చి ఉండాలి. పాయిసన్, గామా, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ల సగటు, వేరియెన్స్ గుర్తుండాలి. డేటా విషయానికొస్తే, ఒక్కో రిస్క్‌కు ఒక్కో అడ్డ వరుస, ఒక్కో సంవత్సరానికి ఒక్కో నిలువు గడి ఉన్న పట్టిక కావాలి. క్లెయిమ్ మొత్తాలైతే అన్ని సంవత్సరాలవీ ఒకే ధరల స్థాయికి తెచ్చి ఉండాలి. అయిదేళ్ల కిందటి రిపేరు బిల్లును, ఈ ఏటి బిల్లును పక్కపక్కన అలాగే పెట్టి వేరియెన్స్ కడితే, స్పేర్ పార్టుల ధరల పెరుగుదల కూడా రిస్క్ చెదురు (హెచ్చుతగ్గులు) లాగే కనిపిస్తుంది.

కింద వాడినవన్నీ అభ్యాసం కోసం కట్టిన అంకెలే. నేపథ్యం మాత్రం అందరికీ తెలిసిందే: విజయవాడ ఆటోనగర్ లారీ ఓనర్లు, వాళ్ల బళ్లకు చేయించే ఇన్సూరెన్స్. థర్డ్ పార్టీ ప్రీమియం కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేసి, సొంత బండికి జరిగే నష్టం భాగం మీదే ఈ లెక్కలు చేద్దాం.

1. తీటా దేన్ని మోస్తోందో ఒక్క వాక్యంలో రాయండి

అంకెలు ముట్టుకోకముందే ఈ పని చేయండి. మన ఉదాహరణలో (ఒక ఓనరు బళ్లన్నీ కలిపి ఒక ఫ్లీట్) ఇలా రాయవచ్చు: "తీటా అంటే ఒక ఓనరు ఫ్లీట్‌కు మాత్రమే చెందిన, ఏడాదికేడాది మారని గుణాల మొత్తం." డ్రైవర్ల అనుభవం, బళ్ల వయసు, రాత్రిపూట తిరిగేది ఎంత, హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటారా చెన్నై రోడ్డా, లోడు మిర్చి బస్తాలా ఇసుకా, ఇవన్నీ అందులోకే వస్తాయి.

రాసిన వాక్యాన్ని ఈ నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి. ఒకే ఫ్లీట్‌కు అన్ని సంవత్సరాల్లోనూ తీటా ఒకటేనా? అవును, అలా ఉండాలి. ఫ్లీట్‌ను బట్టి మారుతుందా? మారాలి, లేకపోతే ఈ లెక్కే అక్కర్లేదు. మనం దాన్ని కళ్లతో చూడగలమా? లేదు, క్లెయిముల ద్వారా ఛాయగా తెలుస్తుందంతే. అది ఒకే అంకె అయి తీరాలా? అక్కర్లేదు, పది గుణాల జాబితా అయినా కావచ్చు.

నాలుగోది చాలామందికి మింగుడుపడదు. నాలుగో అడుగులో వచ్చే పాయిసన్ ఉదాహరణలో తీటా, సగటు క్లెయిముల సంఖ్య ఒకటే కావడంతో "తీటా అంటే సగటే" అని మనసులో ముద్రపడిపోతుంది. అది ఆ ఉదాహరణకు సంబంధించిన సౌలభ్యం మాత్రమే. తీటాను రెట్టింపు చేసి కొత్త తీటా అని పిలిచినా, దాని లాగరిథమ్ తీసుకున్నా, చివరి ప్రీమియం ఒక్క పైసా మారదు. పేరు మారితే ఫంక్షన్ల రూపం మారుతుంది, ఆ ఫంక్షన్లు ఇచ్చే విలువలు మారవు.

2. రెండు ఫంక్షన్లు, మూడు అంకెలు

మొదటి ఫంక్షన్ ఎం(తీటా). ఈ ఫ్లీట్ తీటా మనకు తెలుసు అనుకుంటే దానికి ఏడాదికి రావలసిన సగటు క్లెయిము ఇది. రెండోది ఎస్ స్క్వేర్(తీటా). అదే ఫ్లీట్‌కు, అదే తీటాతో, ఒక ఏడాదికీ మరో ఏడాదికీ మధ్య అదృష్టం కొద్దీ వచ్చే చెదురు తాలూకు వేరియెన్స్.

ఫంక్షన్ల రూపం అన్ని ఫ్లీట్లకూ ఒకటే. ఫ్లీట్‌కో తీటా కాబట్టి విలువలు వేరవుతాయి. వీటి నుంచి మూడు అంకెలు తీయాలి:

మొత్తం సగటు: ఎం(తీటా) తాలూకు సగటు.
లోపలి వేరియెన్స్: ఎస్ స్క్వేర్(తీటా) తాలూకు సగటు. ఒక్కో ఫ్లీట్ లోపల ఏటేటా వచ్చే చెదురు ఇది.
మధ్య వేరియెన్స్: ఎం(తీటా) తాలూకు వేరియెన్స్. ఫ్లీట్లు ఒకదాని నుంచి మరొకటి నిజంగా ఎంత తేడాగా ఉన్నాయో ఇది చెబుతుంది.

కె = లోపలి వేరియెన్స్ ÷ మధ్య వేరియెన్స్
జెడ్ (సొంత అనుభవానికి ఇచ్చే బరువు) = సంవత్సరాల సంఖ్య ÷ (సంవత్సరాల సంఖ్య + కె)
ప్రీమియం = జెడ్ × ఆ ఫ్లీట్ సొంత సగటు + (1 − జెడ్) × మొత్తం సగటు

ఇక్కడ ప్రీమియం అంటే రాబోయే ఏటి క్లెయిము అంచనా మాత్రమే. ఖర్చులు, లాభం, పన్ను తర్వాత కలుస్తాయి.

సూత్రం రాశాక దిశ సరిచూసుకోండి. ఫ్లీట్ల మధ్య తేడా ఎక్కువైతే కె తగ్గి జెడ్ పెరగాలి, ఎందుకంటే అలాంటప్పుడు సొంత అనుభవానికే విలువ ఎక్కువ. ఫ్లీట్ లోపలి చెదురు ఎక్కువైతే జెడ్ తగ్గాలి. పరీక్ష ఒత్తిడిలో కె భిన్నాన్ని తలకిందులుగా రాసేవాళ్లకు ఈ రెండు వాక్యాలే రక్షణ.

3. దేనికి ఏది స్వతంత్రమో తేల్చుకోండి

మార్కులూ ఇక్కడే పోతాయి, ఆఫీసులో డబ్బూ ఇక్కడే పోతుంది. అందుకే కాస్త నెమ్మదిగా చూద్దాం.

ఒక ఫ్లీట్ తీటా ఇచ్చినప్పుడు, దాని సంవత్సరాల క్లెయిములు ఒకదానికొకటి స్వతంత్రం. తీటా ఇవ్వనప్పుడు కాదు. తీటా తెలియనప్పుడు మొదటి ఏడాది క్లెయిములు ఎక్కువగా వస్తే, "ఈ ఫ్లీట్ తీటా కాస్త చెడ్డదేమో" అన్న అనుమానం వస్తుంది, రెండో ఏటి అంచనా పెరుగుతుంది. అంటే రెండు సంవత్సరాలూ ముడిపడి ఉన్నాయి. వాటి మధ్య కోవేరియెన్స్ (రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే కొలత) కచ్చితంగా మధ్య వేరియెన్స్‌కు సమానం. పాత అనుభవం రేపటి ప్రీమియానికి పనికొస్తున్నదే ఈ ముడి వల్ల. ఎప్పుడూ స్వతంత్రమే అయితే నిరుటి క్లెయిములు చూసి ప్రయోజనమే లేదు.

రెండో షరతు: వేర్వేరు ఫ్లీట్లు ఒకదానికొకటి స్వతంత్రం. పుస్తకంలో ఇది ఒక వాక్యం. విజయవాడ డేటా ముందు పెట్టుకుంటే పెద్ద చిక్కు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు బళ్లు ఓనరు ఎవరన్నది లేకుండా నీట మునిగాయి. ఆ ఏటి గడిలో అందరి క్లెయిములూ ఒక్కసారి లేచినా అది ఏ ఒక్కరి తీటా వల్లా కాదు. ఆ డేటాను అలాగే మోడల్‌లో పోస్తే ప్రతి ఫ్లీట్ లోపలి వేరియెన్స్ ఉబ్బిపోతుంది, జెడ్ కుంగిపోతుంది. మంచి డ్రైవర్లున్న ఓనరుకు రావలసిన తగ్గింపు వరద మింగేస్తుంది. పైగా బళ్లు ముంపు ప్రాంతంలో నిలిపిన ఫ్లీట్ చెడ్డ ఫ్లీట్‌లా కనిపిస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. వరద, తుపాను క్లెయిములను విడదీసి పక్కన పెట్టండి. మిగిలిన మామూలు క్లెయిముల మీదే క్రెడిబిలిటీ లెక్క చేయండి. వరదల ఖర్చును తర్వాత వేరే లోడింగ్‌గా (ప్రీమియం మీద అదనపు మొత్తంగా), బళ్లు నిలిపే చోటును బట్టి కలపండి. విడదీయడానికి వివరాలు లేకపోతే ఆ ఏటి గడిని అన్ని ఫ్లీట్లకూ తీసేయడం మేలు. కొందరికి తీసి కొందరికి ఉంచడం మాత్రం చేయకండి.

ఒక ఓనరు మధ్యలో డ్రైవర్లందరినీ మార్చినా, సగం బళ్లు అమ్మేసి కొత్త రూటు పట్టినా ఆ ఫ్లీట్ తీటా మారిందనే అర్థం. పాత సంవత్సరాలను కొత్త తీటాకు సాక్ష్యంగా తీసుకోకూడదు.

4. బేయెసియన్ దారి: పాయిసన్, గామా

క్లెయిముల సంఖ్య లెక్కించేటప్పుడు ఇది వాడతారు. తీటా ఇచ్చినప్పుడు ఏటి క్లెయిముల సంఖ్య పాయిసన్, సగటు తీటా. తీటాకు ప్రయర్ గామా, పారామీటర్లు ఆల్ఫా, బీటా.

ప్రయర్ ఎక్కడి నుంచి తేవాలి? ఇలాంటి ఫ్లీట్లకు సగటున ఏడాదికి 3 క్లెయిములు, ఫ్లీట్ల మధ్య వేరియెన్స్ 1.5 అని అనుభవం ఉన్న అండర్‌రైటర్ చెప్పారనుకుందాం. గామా సగటు ఆల్ఫా ÷ బీటా, వేరియెన్స్ ఆల్ఫా ÷ బీటా స్క్వేర్. కాబట్టి బీటా = 3 ÷ 1.5 = 2, ఆల్ఫా = 3 × 2 = 6.

ఒక ఫ్లీట్‌కు నాలుగేళ్లలో 7, 4, 6, 3 క్లెయిములు వచ్చాయి. మొత్తం 20, సగటు 5. పోస్టీరియర్, అంటే క్లెయిములు చూశాక తీటాకు వచ్చే డిస్ట్రిబ్యూషన్, మళ్లీ గామాయే: ఆల్ఫాకు క్లెయిముల మొత్తం, బీటాకు సంవత్సరాల సంఖ్య కలపాలి. ఆల్ఫా 26, బీటా 6 అవుతాయి. పోస్టీరియర్ సగటు 26 ÷ 6 = 4.33. వచ్చే ఏడాదికి అంచనా ఇదే.

ఇప్పుడు అదే జవాబును మూడు అంకెల దారిలో రాబట్టండి. ఈ అడుగు దాటేయకండి, రెండు పద్ధతులూ కలిసే చోటు ఇదే. పాయిసన్‌లో ఎం(తీటా), ఎస్ స్క్వేర్(తీటా) రెండూ తీటాయే. మొత్తం సగటు 3, లోపలి వేరియెన్స్ కూడా 3, మధ్య వేరియెన్స్ 1.5. కె = 2, అంటే అది బీటాయే. జెడ్ = 4 ÷ 6 = 0.667. ప్రీమియం = 0.667 × 5 + 0.333 × 3 = 4.33. రెండు జవాబులూ కలవకపోతే ఎక్కడో తప్పు ఉన్నట్టే.

క్లెయిములే రాని ఫ్లీట్‌తోనూ ఒకసారి చేసి చూడండి. నాలుగేళ్లూ సున్నా అయితే 6 ÷ 6 = 1. అంచనా 3 నుంచి 1కి దిగింది, సున్నా కాలేదు. జవాబు ఎప్పుడూ సొంత సగటుకూ మొత్తం సగటుకూ మధ్యలోనే పడాలి.

హెచ్చరిక: ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ గామా ఫంక్షన్లకు షేప్ (ఆల్ఫా) తర్వాత పేరు చెప్పకుండా ఇచ్చే పారామీటర్‌ను రేట్‌గా (మన బీటాగా) తీసుకుంటుంది. ఎక్సెల్ గామా ఫంక్షన్ బీటా అని అడిగేది స్కేల్‌ను, అంటే రేట్ తాలూకు విలోమాన్ని. పై ఉదాహరణలో ఆర్‌కు 2 ఇవ్వాలి, ఎక్సెల్‌కు 0.5 ఇవ్వాలి. ఎక్సెల్‌లో 2 ఇస్తే ప్రయర్ సగటు 3 బదులు 12 అయిపోతుంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ముందు ప్రయర్ సగటు కట్టి చూసుకోండి.

క్లెయిము మొత్తాలకు నార్మల్, నార్మల్ జంట (క్లెయిములకూ, తీటా ప్రయర్‌కూ నార్మలే) వాడితే ఎం(తీటా) తీటాయే, ఎస్ స్క్వేర్(తీటా) మాత్రం తీటాతో సంబంధం లేని స్థిరాంకం. కె అంటే ఆ స్థిరాంకాన్ని ప్రయర్ వేరియెన్స్‌తో భాగించడమే. మిగతా పద్ధతి ఒకటే కాబట్టి ఇంకా చెప్పేదేమీ లేదు.

5. ఎంపిరికల్ బేయెస్, మోడల్ 1

ప్రయర్ చెప్పేవాళ్లు లేరు, క్లెయిములు ఏ డిస్ట్రిబ్యూషనో కూడా తెలియదు. అప్పుడు మిగతా ఫ్లీట్ల డేటాయే ప్రయర్ పని చేస్తుంది. ఈ రూపం హన్స్ బ్యూల్‌మన్ 1967లో ఇచ్చింది. నాలుగు ఫ్లీట్లు, అయిదేళ్లు, అంకెలు లక్షల రూపాయల్లో:

ఫ్లీట్ 1: 4, 16, 9, 13, 8
ఫ్లీట్ 2: 20, 9, 17, 12, 12
ఫ్లీట్ 3: 3, 11, 5, 12, 4
ఫ్లీట్ 4: 13, 6, 18, 10, 18

ముందు ఒక్కో వరుసకు సగటు: 10, 14, 7, 13. వీటి సగటు 11. ఇది మొత్తం సగటు.

తర్వాత ఒక్కో వరుసకు శాంపిల్ వేరియెన్స్, 4తో భాగించి: 21.5, 19.5, 17.5, 27. వీటి సగటు 21.375. ఇది లోపలి వేరియెన్స్. ఇక్కడ "ఫ్లీట్ 4కు దాని సొంత 27 ఎందుకు వాడకూడదు?" అని అడుగుతారు. సూత్రానికి కావలసింది ఎస్ స్క్వేర్(తీటా) తాలూకు సగటు, ఒక్కరిది కాదు. పైగా అయిదు అంకెల నుంచి తీసిన వేరియెన్స్ మీద ఒంటరిగా ఆధారపడటం ప్రమాదం.

ఇక వరుస సగటుల వేరియెన్స్: 11 నుంచి తేడాలు −1, 3, −4, 2. స్క్వేర్లు 1, 9, 16, 4, మొత్తం 30. 3తో భాగిస్తే 10.

ఈ 10 మధ్య వేరియెన్స్ కాదు. దీన్ని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. వరుస సగటు 14 వచ్చిందంటే అది ఆ ఫ్లీట్ అసలు ఎం(తీటా) కాదు, అయిదేళ్ల అదృష్టం కలిసిన అంచనా. ఫ్లీట్లన్నీ అచ్చంగా ఒకేలాంటివైనా వరుస సగటులు కాస్త చెదురుతాయి. ఆ అదృష్టం వాటా 21.375 ÷ 5 = 4.275. దాన్ని తీసేస్తే మధ్య వేరియెన్స్ 10 − 4.275 = 5.725.

కె = 21.375 ÷ 5.725 = 3.734. జెడ్ = 5 ÷ 8.734 = 0.5725.

ప్రీమియంలు లక్షల్లో: ఫ్లీట్ 1కి 10.43, ఫ్లీట్ 2కి 12.72, ఫ్లీట్ 3కి 8.71, ఫ్లీట్ 4కి 12.15.

సరిచూడటానికి రెండు దారులున్నాయి. నాలుగు ప్రీమియంల సగటు మళ్లీ 11 రావాలి. ఈ మోడల్‌లో అందరికీ జెడ్ ఒకటే కాబట్టి ఇది తప్పదు. రెండోది: జెడ్ = 1 − 4.275 ÷ 10 = 0.5725. మధ్య వేరియెన్స్‌ను వరుస సగటుల వేరియెన్స్‌తో భాగించినా ఇదే అంకె.

మొదటి పరీక్షను అతిగా నమ్మకండి. జెడ్ తప్పయినా ప్రీమియంల సగటు 11 వస్తుంది. తీసివేత మరిచిపోయి 10నే వాడితే జెడ్ 0.70 అవుతుంది. ఎక్సెల్‌లో వార్.ఎస్ (ఇక్కడ 3తో భాగించేది) బదులు వార్.పి (4తో భాగించేది) వాడి వరుస సగటుల వేరియెన్స్ తీస్తే 10 స్థానంలో 7.5 వచ్చి, జెడ్ 0.43కు పడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ ప్రీమియంల సగటు చక్కగా 11 ఉంటుంది, తప్పు బయటపడదు. అందుకే రెండో పరీక్ష కూడా చేయాలి, భాజకాలను విడిగా చూసుకోవాలి.

తీసివేత తర్వాత రుణ సంఖ్య వస్తే కంగారు పడకండి. ఫ్లీట్ల మధ్య కనిపిస్తున్న తేడా అదృష్టంతో వచ్చేదాన్ని మించలేదని డేటా చెబుతోంది. మధ్య వేరియెన్స్ సున్నా పెట్టండి, జెడ్ సున్నా అవుతుంది, అందరికీ మొత్తం సగటే ప్రీమియం. రుణ సంఖ్యతో కె కట్టి జెడ్ సున్నా కిందికి దిగిన జవాబులు రాయకండి. జెడ్ ఎప్పుడూ 0కీ 1కీ మధ్యే.

ఒక్క ఏడాది డేటాయే ఉంటే? వరుస లోపల వేరియెన్స్ కట్టలేరు, మోడల్ 1 నడవదు. అయితే అంకెలు క్లెయిముల సంఖ్యలై, పాయిసన్ అనుకోవడానికి అభ్యంతరం లేకపోతే ఒక దారి ఉంది. పాయిసన్‌లో సగటు, వేరియెన్స్ ఒకటే కాబట్టి లోపలి వేరియెన్స్ స్థానంలో మొత్తం సగటునే పెట్టవచ్చు. క్లెయిము మొత్తాలకు, అంటే రూపాయలకు, ఈ దారి పనికిరాదు.

6. మోడల్ 2: లారీల సంఖ్య మారుతుంటే

పది లారీల ఓనరు, అరవై లారీల ఓనరు ఒకే పట్టికలో ఉంటే మోడల్ 1 చెల్లదు. బళ్లు పెరిగితే క్లెయిములూ పెరుగుతాయి, అది తీటా కాదు. 1970లో బ్యూల్‌మన్, స్ట్రాబ్ కలిసి ఇచ్చిన రూపం ఇందుకే. మొత్తం క్లెయిమును లారీల సంఖ్యతో భాగించి, ఒక్కో లారీకి క్లెయిము మీద పనిచేయాలి. ఇప్పుడు ఎం(తీటా) అంటే ఒక లారీకి సగటు. ఎస్ స్క్వేర్(తీటా) కూడా ఒక లారీ స్థాయిదే. ఏటి అంకె తాలూకు వేరియెన్స్ దాన్ని ఆ ఏటి లారీల సంఖ్యతో భాగిస్తే వస్తుంది.

చేతితో చేయడానికి వీలుగా రెండే ఫ్లీట్లు, మూడేళ్లు తీసుకుందాం. అసలు పనికి రెండు ఫ్లీట్లు ఎంతమాత్రం చాలవు. క్లెయిములు ఒక్కో లారీకి వేల రూపాయల్లో:

ఫ్లీట్ 1: లారీలు 10, 20, 20. క్లెయిము 14, 8, 10.
ఫ్లీట్ 2: లారీలు 40, 50, 60. క్లెయిము 9, 6, 4.

మొత్తం లారీ సంవత్సరాలు 50, 150, రెండూ కలిపి 200.
లారీల బరువుతో సగటులు: 500 ÷ 50 = 10, 900 ÷ 150 = 6. అందరికీ కలిపి 1400 ÷ 200 = 7.

లోపలి వేరియెన్స్: తేడా స్క్వేర్‌ను ఆ ఏటి లారీలతో గుణించి కూడాలి. ఫ్లీట్ 1కి 10×16 + 20×4 + 0 = 240, 2తో భాగిస్తే 120. ఫ్లీట్ 2కి 40×9 + 0 + 60×4 = 600, 2తో భాగిస్తే 300. సగటు 210.

ఇప్పుడు అన్ని గడులనూ 7 నుంచి కొలవాలి: ఫ్లీట్ 1కి 690, ఫ్లీట్ 2కి 750, మొత్తం 1440. గడులు 6 కాబట్టి 5తో భాగిస్తే 288.

పీ స్టార్ (ఫ్లీట్ల పరిమాణాల తేడాను లెక్కలోకి తెచ్చే సవరణ అంకె) కోసం: 50 × (1 − 50÷200) + 150 × (1 − 150÷200) = 37.5 + 37.5 = 75. దీన్నీ 5తోనే భాగించాలి, 15 వస్తుంది.

మధ్య వేరియెన్స్ = (288 − 210) ÷ 15 = 5.2. కె = 210 ÷ 5.2 = 40.38.

ఈ మోడల్‌లో కె ప్రమాణం సంవత్సరాలు కాదు, లారీ సంవత్సరాలు. జెడ్ ఫ్లీట్‌కొకటి: 50 ÷ 90.38 = 0.553, 150 ÷ 190.38 = 0.788. ఎక్కువ బళ్లున్న ఫ్లీట్‌కు జెడ్ ఎక్కువ రావాలి, వచ్చింది.

ఒక లారీకి ప్రీమియం: 0.553 × 10 + 0.447 × 7 = 8.66 వేలు. రెండోదానికి 0.788 × 6 + 0.212 × 7 = 6.21 వేలు. ఇక్కడే ఆపేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. అడిగింది ఫ్లీట్ ప్రీమియం అయితే వచ్చే ఏటి లారీలతో గుణించాలి. ఫ్లీట్ 1లో వచ్చే ఏడాది 25 లారీలుంటే సుమారు 2,16,500 రూపాయలు. పోయిన ఏటి 20తో గుణించడం తరచూ కనిపించే పొరపాటు.

మోడల్ 1లో చేసిన సగటు పరీక్ష ఇక్కడ పనిచేయదు. 50 × 8.66 + 150 × 6.21 దాదాపు 1365 అవుతుంది, అసలు క్లెయిములు 1400. లెక్క తప్పలేదు. ఫ్లీట్‌కో జెడ్ ఉన్నప్పుడు మొత్తం సగటును లారీల బరువుతో తీస్తే ఇలా తేడా వస్తుంది. పరీక్షలో సూత్రాల పుస్తకం ఇచ్చిన పద్ధతే, అంటే 7నే వాడండి. ఆఫీసులో వసూలు, క్లెయిములు కలవాలంటే మొత్తం సగటును జెడ్ బరువుతో తీయండి: (0.5532 × 10 + 0.7879 × 6) ÷ 1.3411 = 7.65. అప్పుడు ప్రీమియంలు 8.95, 6.35 అవుతాయి. 50 × 8.95 + 150 × 6.35 = 1400, సరిగ్గా కలిసింది.

7. చేసింది సరైనదో కాదో కంప్యూటర్‌తో తేల్చుకోండి

నిజ జీవితంలో తీటా కనబడదు, కానీ కంప్యూటర్‌లో మనమే పుట్టించవచ్చు. ఆర్‌లో షేప్ 6, రేట్ 2 గామా నుంచి 1000 తీటాలు తీయండి. ఒక్కో తీటాకు పాయిసన్ నుంచి నాలుగేళ్ల క్లెయిములు తీసి, 1000 వరుసలు, 4 నిలువు గడుల పట్టికలో పెట్టండి. తర్వాత తీటాలను పక్కన దాచేసి, మోడల్ 1 నడపండి. మొత్తం సగటు 3కు, లోపలి వేరియెన్స్ 3కు, మధ్య వేరియెన్స్ 1.5కు, జెడ్ 0.667కు దగ్గరగా రావాలి. ప్రయర్ గురించి ఒక్క ముక్క చెప్పకుండానే నాలుగో అడుగులోని బేయెసియన్ జవాబు తిరిగి వచ్చిందన్నమాట.

పట్టిక నింపేటప్పుడు జాగ్రత్త. తీటాల వరుసను అలాగే ఇచ్చి 4000 అంకెలు ఒకేసారి పుట్టిస్తే, మ్యాట్రిక్స్‌ను నిలువుగానే నింపాలి. ఆర్ మామూలుగా అలాగే చేస్తుంది. బైరో అనే ఆప్షన్‌ను ట్రూ చేసి అడ్డంగా నింపితే ఒకే వరుసలోకి నాలుగు వేర్వేరు తీటాల అంకెలు వచ్చి పడతాయి. అప్పుడు లోపలి వేరియెన్స్ 4.5 దగ్గరికి చేరి, మధ్య వేరియెన్స్ సున్నా చుట్టూ తిరుగుతుంది. ఆ 4.5 ఎక్కడిది? 3 + 1.5. వేర్వేరు తీటాలు కలిసిపోయి మొత్తం వేరియెన్స్ అంతా వరుసల లోపలికే చేరింది. ఆఫీసు డేటాలోనూ జెడ్ అనుమానాస్పదంగా సున్నా వస్తే మొదట చూడాల్సింది ఇదే: పాలసీ నంబర్లు రెన్యువల్‌లో మారి, ఒక వరుసలో ఇద్దరు ముగ్గురు ఓనర్ల క్లెయిములు కలిసిపోయాయేమో.

తర్వాత 1000 బదులు 4 ఫ్లీట్లు పెట్టి అదే ప్రోగ్రాం పదిసార్లు నడపండి. లోపలి వేరియెన్స్ కంటే మధ్య వేరియెన్స్ ఎక్కువగా ఊగుతుంది, ఒక్కోసారి రుణం కూడా కావచ్చు. నాలుగు సగటుల నుంచి తీసిన వేరియెన్స్ అంతకన్నా నిలకడగా ఉండదు. ఫ్లీట్లు తక్కువున్నప్పుడు జెడ్‌ను మూడు దశాంశాలతో ఓనరు ముందు పెట్టి బేరమాడకండి. ఒకే రకం రిస్కులనిపించే ఫ్లీట్లను గుంటూరు, ఏలూరు వైపు నుంచి కూడా చేర్చి మళ్లీ లెక్కించండి. అయితే చేర్చే ముందు మొదటి అడుగులో రాసుకున్న వాక్యం తీసి చూడండి. కోల్డ్ స్టోరేజీలకు మిర్చి తోలే బళ్లు, క్వారీలో తిరిగే టిప్పర్లు ఒకే సగటు వైపు లాగదగినవి కావనిపిస్తే రెండు పట్టికలు విడివిడిగా కట్టండి.